తొడిమల పాఠం

"హీ వోంట్ పుల్ త్రూ" అన్నాడు పెద్ద డాక్టరు పక్కనున్న జూనియర్‌తో. పల్లెటూరి వాళ్లకు ఇంగ్లీషేం తెలుస్తుందిలే అన్న ధీమాతో ఖాదర్ వలి మంచం దగ్గరే అనేసి, ముందుకు వెళ్లిపోయాడు.

తండ్రికి నీళ్లు పట్టబోయిన అర్ఫా సీసా పక్కన పెట్టేసింది. వీపుకు తగిలించుకున్న మందు ట్యాంకు కారి చొక్కా తడుస్తున్నా లెక్కచేయకుండా మిరపతోటలో గడ్డిమందు కొట్టాడు నాన్న. వారం తిరక్కుండానే ఊపిరి అందడం మానేసింది.

"ఏమన్నాడమ్మా?" అన్నాడు ఖాదర్ వలి ఆయాసపడుతూ.

"తగ్గిపోద్దన్నారు నాన్నా. ఆదివారానికల్లా ఇంటికెళ్లిపోవచ్చంట."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు.

"సాయంత్రాలు మేం మిరపకాయల తొడిమలు తీస్తుంటే, నువ్వు కోచింగు పాఠాలు పైకి చదివేదానివి గదా."

"నిద్ర రాకుండా ఉంటుందని నువ్వే చదవమనేవాడివి."

"ఊరికే అన్నాలే. నేనూ నేర్చుకుందామని. గివప్ అంటే వదిలేయడం. పాసవే అంటే పోవడం. పుల్ త్రూ అంటే..." దగ్గు వచ్చి ఆగాడు. "గట్టెక్కడం."

అర్ఫా తల దించుకుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వార్డు గుమ్మంలో గంజి క్యారేజీతో అమీర్‌బీ కనిపించింది. నడుస్తూనే, ఏమన్నారని కళ్లతో అడుగుతోంది.

"మీ అమ్మ పాఠం మొదలవగానే కునికేది" అన్నాడు ఖాదర్ వలి గొంతు తగ్గించి. "దానికివేం రావు. ఆదివారం ఇంటికని, నాకు చెప్పినట్టే చెప్పు."