ఫ్రిజ్ కింద నీళ్లు

కూతురు సుకన్య ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయకపోవడం వల్లే కింద నీళ్లు చేరుతున్నాయని సమ్మమ్మకు ఏళ్లుగా అనుమానం. నిరుడు జ్వరంతో ఆ పిల్ల కన్నుమూసింది. నీళ్లు మాత్రం ఆగలేదు.

“తలుపు మంచిగనే పడుతాంది చిన్నమ్మా,” అన్నాడు మెకానిక్ డేవిడ్. లోపలి వెనకగోడకున్న రంధ్రంలోంచి తీగతో ఏదో లాగాడు. “నీళ్లు పోయే తొవ్వ మూసుకపోయింది. ఇగో, గునుగు పూలు! బతుకమ్మను ఫ్రిజ్‌లనే పేర్చిన్రా ఏంది?”

సమ్మమ్మకు నవ్వు రాలేదు. పండుగ పూలు వాడిపోకుండా ఏటా అందులో దాచింది తనే. నీళ్లు కనబడ్డప్పుడల్లా వాడకట్టంతా వినేలా బిడ్డను తిట్టేది. “ఏసిన్నే అమ్మా, దేవుని మీద ఒట్టు,” అని ఆ పిల్ల ఏడ్చేది.

ఒక్క మాట బాకీ ఉండిపోయింది. సమ్మమ్మ వాకిట్లోకొచ్చి ఎదురింటామెను గట్టిగా కేకేసింది.

“కొమురక్కా, నా బిడ్డ తలుపు ఏసేదే. అబద్ధమాడలే నా బిడ్డ!”