సుమయ్యా గుమ్మం

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక వీధి కుక్క, అమ్మ పాత చీరముక్క, పావుకిలో కోడి కాళ్లు. రోజూ మధ్యాహ్నం అమ్మ మాయమవుతుంది. వయసు మీదపడి దారి మరుస్తోంది. వాసన పట్టి వెతకడం కుక్కకు నేర్పాలి.

పన్నెండో రోజు చీరముక్కను మా దుకాణంలో బియ్యం బస్తాల వెనక దాచాను. కుక్క మళ్ళీ ఎదురింటి సుమయ్యా గుమ్మంలోనే కూర్చుంది.

"థూ! కోరుట్లల ఏ ఇంట్ల జూసినా బీడీ తంబాకు వాసనే. గిది అమ్మను ఎట్ల పట్టుకుంటది?"

"దాన్నెందుకు తిడుతవ్ ఏసన్నా? పెద్దమ్మ రోజూ గీడనే కూసుని బీడీలు చుడుతది. గా తంబాకు చాట ఆమెదే," అంది సుమయ్యా.

"దగ్గొస్తదని నేను బంద్ చేయించిన గదా!"

"గందుకే నీకు చెప్పొద్దన్నది."

పన్నెండు రోజుల్లో కుక్క నా దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు. నాకు మాత్రం ఒకటి తెలిసింది. అమ్మకు దారులన్నీ గుర్తున్నాయి, నా కంటపడకుండా పోయే దారితో సహా.