పథ్యం క్యారియరు

"వదినా, అరవై భోజనాల బేరాన్ని చేతులారా కాలదన్నుకుంటావా?" అన్నాడు మరిది, ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని.

"వద్దని చెప్పు" అంది ఆమె, ఉడుకుతున్న కూరగాయల మీద మూత పెడుతూ.

"ఆఫీసువాళ్లు. ఠంచనుగా డబ్బులిస్తారు. కాస్త ఉప్పూ కారం దట్టించి, రేటు సగానికి దించితే చాలు."

"ఉన్నవి రెండే పొయ్యిలు. అరవై మందికి వండుతూ, ఒకరికి ఉప్పు వద్దు, ఒకరికి నూనె వద్దు, ఇంకొకరికి గుజ్జులా మెదపాలి అని ఎక్కడ గుర్తుపెట్టుకోను? మనం వండేది ఒంట్లో బాగాలేనివాళ్లకి. ఊరందరికీ కాదు."

"ఆ బాగాలేనివాళ్లు పట్టుమని పదిమంది లేరు. బాగైతే వాళ్లూ ఉండరు. పోయే గిరాకీని పట్టుకుని వేలాడేది లోకంలో నువ్వొక్కదానివే."

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. పక్కవీధి మెస్సుకన్నా ఆమె భోజనం రెట్టింపు ఖరీదు. ఇలాగే సాగితే ఈ వంటగది అద్దె కట్టడం కూడా కష్టమే.

అంతలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. సన్నగా, కర్ర సాయంతో నిలబడ్డ పెద్దాయన. "కడుపు ఆపరేషనైన ఆయన వదినా, రోజూ క్యారియరు ఇచ్చొస్తానే" అన్నాడు మరిది. ఆమె ఆయన్ని చూడడం అదే మొదటిసారి.

"రేపట్నుంచి నాకు క్యారియరు వద్దమ్మా" అన్నాడాయన.

మరిది 'చూశావా' అన్నట్టు చూశాడు.

"రేటు ఎక్కువనిపిస్తే తగ్గిస్తానండీ" అంది గబగబా.

"ఆ పని మాత్రం చెయ్యకు. రేటు తగ్గిస్తే గిన్నెలు పెరుగుతాయి. గిన్నెలు పెరిగితే నాలాంటివాడి గిన్నె నీకు గుర్తుండదు." ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇక ఏదైనా తినొచ్చన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయ్యాక ముద్ద లోపలికి పోయేది కాదు. తిండి వాసనకే మొహం తిప్పుకునేవాణ్ని. నీ క్యారియరు మూత తీసిన రోజే మళ్లీ ఆకలేసిందమ్మా. నన్ను లేపి కూర్చోబెట్టింది సగం డాక్టరు, సగం నువ్వు. ఆ మాట నీ ఎదురుగా చెబుదామని వచ్చాను. ఆసుపత్రిలో నా పక్క మంచాలవాళ్లకి నీ నంబరిచ్చాను. రేటు కూడా చెప్పే ఇచ్చాను. ఎవరూ బేరమాడరు."

మరిది ఫోను తీసుకుని, ఆఫీసువాళ్లకు వీలుకాదని చెప్పడానికి బయటికి వెళ్లాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. గిరాకీ పోతోందన్న దిగులు ఎటు పోయిందో తెలియలేదు.

"మీరు నడిచొచ్చారు, నాకదే చాలండీ. రేపట్నుంచి వేళకి తినండి. ఇంట్లో వండిపెట్టేవాళ్లున్నారా?"

"వండడానికేం తల్లీ," అంటూ ఆయన కర్ర గోడకానించి, చొక్కా చేతులు మడుచుకుంటూ పొయ్యి దగ్గరికొచ్చాడు, "పాతికేళ్లుగా పెద్ద హోటల్లో వంటమాస్టర్ని నేను. ఉప్పు లేకుండా ఆ రుచి ఎలా తెస్తున్నావో ముందు అది నేర్పు."