జూలై ఒకటిన పుట్టిన వీధి

ఇప్పుడు క్యాలెండర్ చూసేవాళ్లెవరూ లేరు. తెల్లారగానే ఇంటి గోడే చదివి వినిపిస్తుంది. ఈ రోజున ఏ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఏ యుద్ధం ఆగింది, ఏ మహానుభావులు పుట్టారు, చివరగా ఊళ్లో ఎవరెవరి పుట్టినరోజు.

జూలై ఒకటిన ఆ చివరి భాగం ఎంతకీ అవదు. మంగతాయారు, సన్యాసమ్మ, అప్పలకొండ... వీధిలోని ముసలివాళ్లందరి పేర్లూ వస్తాయి.

"అందరూ ఒకేరోజు ఎలా పుట్టారమ్మమ్మా?" అని నవ్వింది మనవరాలు హంసిని.

"మమ్మల్ని బళ్లో చేర్చుకున్న మేస్టారు ఒక్కరేనే. తేదీ తెలీదన్నవాళ్లందరికీ జూలై ఒకటి వేసేశారు," అంది మంగతాయారు, పరమాన్నం కలుపుతూ.

గోడ ఆ మాట విన్నది. "అసలు తేదీ వెతకనా? మీరు పుట్టినరోజున ఊళ్లో విశేషం ఏమైనా జరిగిందా?"

"మా ఊరికి కరెంటొచ్చిన రోజంట. బల్బు వెలగడం, నేను కేరుమనడం ఒక్కసారే అయ్యాయనేది మా అమ్మ."

"దొరికింది. నవంబరు పద్దెనిమిది. ఆ తేదీన ఈ ఊళ్లో ఇంకెవరి పుట్టినరోజూ లేదు. మారిస్తే ప్రతి గోడా మీ ఒక్కరి పేరే చదువుతుంది."

హంసిని చప్పట్లు కొట్టింది. మంగతాయారు గరిటె ఆపి, ఆ తేదీని ఒకసారి మెల్లగా పైకి అనుకుంది.

ఏటా ఈ రోజున ఒకరింట్లో వండితే అందరూ తినడం వాళ్ల అలవాటు. ఈసారి మంగతాయారు వంతు. సన్యాసమ్మా వాళ్లూ అప్పుడే గిన్నెలతో అరుగు మీద చేరి, గిన్నెలు వాయిస్తున్నారు.

"వస్తున్నానర్రా!" అని కేకేసి, గోడవైపు తిరిగింది మంగతాయారు.

"మార్చకులే. ఒక్కదాన్నే పుట్టి ఏం చేసుకోను?"