పుట్టింటి ఇసుక

వంట, అంట్లతో పాటు నీళ్ళలో పరీక్ష పట్టీ ముంచి చూడటం కూడా ఇంటిపనై చాలాకాలమైంది. ఫోన్లకీ కార్లకీ కావలసిన అరుదైన లోహం ఏ కాస్త తగిలినా, పట్టీకి పూసిన డీఎన్ఏ ఆకుపచ్చగా వెలుగుతుంది. అది వెలిగిన చోట మనుషుల్ని లేపేసి యంత్రాలను దింపుతారు.

దానమ్మ పుట్టిన పల్లె అలాగే పోయింది. తర్వాత అత్తవారి పల్లె కూడా పోయింది. తీరా అక్కడ ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు. జీడితోటలుండే చోట ఇప్పుడు ఉప్పునీటి గొయ్యి మిగిలింది.

పునరావాస కాలనీకి వచ్చాక ఇదే మొదటి గంగమ్మ పండగ. దానమ్మ ఇత్తడి బిందె దించింది. పుట్టింటి రేవు నుంచి తెచ్చి దాచుకున్న నల్లిసుక, చింతపండు వేసి తళతళా తోమింది. అందులో కుళాయి నీళ్ళు పట్టి, పట్టీ ముంచింది. ఆకుపచ్చగా వెలిగింది.

"ఇక్కడ కూడానా? మరింకెక్కడికెల్తాం?" అన్నాడు మొగుడు ఎర్రయ్య.

దానమ్మ ప్లాస్టిక్ గ్లాసులో అవే కుళాయి నీళ్ళు పట్టి, ఇంకో పట్టీ ముంచింది. అది వెలగలేదు.

"బతికిపోనాం," అన్నాడు ఎర్రయ్య.

ఆనాడు అత్తవారి పల్లెకి నీళ్ళు పరీక్షించే సర్వే పిల్ల వస్తోందంటే, పరాయి మనిషి ముందు మాసిన బిందె పెట్టడం నామోషీ అనిపించి, ఈ ఇసుకతోనే తోమి నూతినీళ్ళు తోడిచ్చింది తను.

"నీళ్ళల్లో నేదయ్యా," అంది దానమ్మ మెల్లగా. "మన నూతిలోనూ నేదు."