టీచరమ్మ ఇంట్లో స్పీకర్లు

"ఏమైనా వినపడుతోందా?" అని అడిగాడు భర్త.

ఆమె రెండు స్పీకర్ల మధ్య కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంది కానీ పాటేమీ పెట్టలేదు. పాట లేనప్పుడు స్పీకర్ నోరు మూసుకుని ఉంటేనే ఆంప్లిఫయర్‌కీ దానికీ జత కుదిరినట్టు. ఆంప్లిఫయర్ జోరు ఎక్కువై, స్పీకర్ మరీ సున్నితమైనదైతే లోపల్నుంచి సన్నని ఈల మొదలవుతుంది. ఆ ఈల పోయేదాకా దీన్ని తీసి దాన్ని తగిలించి చూడటమే ఆయన వృత్తి.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. తీసుకెళ్ళి ఇచ్చేయండి," అంది.

ఆయన ఆంప్లిఫయర్ వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "సరే" అని వైర్లు ఊడదీసి సామానంతా బండి మీదకి ఎక్కించాడు. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. సెట్టు సొంతదారు ఇల్లు ఎడమ పక్క వీధిలో. బండి కుడి పక్కకి తిరిగింది.

మళ్ళీ టీచరమ్మ దగ్గరికే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఏ సెట్టూ ఆమె వినకుండా గడప దాటలేదు. "నావి రెండు, మా ఆవిడవి రెండు, మొత్తం నాలుగు చెవులతో విని ఇస్తానండీ," అని వచ్చినవాళ్ళందరికీ ఆయన గొప్పగా చెప్పేవాడు. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఆమె ఆ కుర్చీలో కూర్చునేది. మెళ్ళో గొలుసు చేయించినప్పుడు కూడా అంత మురిసిపోలేదు. ఆర్నెల్ల క్రితం స్పీకర్ల కోసం వచ్చిన ఈ పాటల టీచరు ఏకంగా ఆ కుర్చీకే ఎసరు పెట్టింది.

అప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. మునుపు బెల్లు కొట్టి, తలుపు తీసేదాకా గుమ్మంలో ఉండేవాడు. ఇప్పుడు తాళంచెవితో తలుపు తీసుకుని పిల్లిలా వచ్చి వెనకాల నిలబడితే ఆమె గుండె ఝల్లుమంటోంది. మాట్లాడితే అంతా గొణుగుడే. ఏమన్నారని రెండోసారి అడిగితే "ఏం లేదులే" అని తప్పించుకుంటాడు. తప్పు చేసినవాడికి గొంతెలా పెగులుతుంది అనుకునేది ఆమె. ఈ దిగులుతో రెండుసార్లు కుక్కర్ మాడబెట్టింది కూడా.

కూతురు కాలేజీ నుంచి రాగానే పట్టుకుంది.

"మీ నాన్న ఆ టీచరమ్మ గురించి నీతో ఏమంటున్నాడే?"

"ఏమీ అనలేదమ్మా. అంత గట్టిగా అరవకు, పక్కవాళ్ళు వింటారు."

"వింటే విననీ. సిగ్గుపడాల్సింది నేనా?"

కూతురు మొహం తిప్పుకుంది. ఇది కూడా తండ్రి పార్టీయే. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఏవో గుసగుసలు. ఆమె అడగగానే నోళ్ళు మూతబడ్డాయి. తల్లి చెవిలో పువ్వు పెట్టడం దీనికీ నేర్పించాడన్నమాట.

ఆయన హడావిడిలో ఫోన్ ఛార్జింగ్‌లోనే వదిలేసి వెళ్ళాడు. ఏనాడూ ముట్టని ఫోన్‌ని ఆమె ఆ రోజు తీసింది. టీచరమ్మ మెసేజ్ పైనే ఉంది.

'నాలుగింటికి రండి. ఇంట్లో ఎవరూ ఉండరు. ఆవిడకి ఎప్పుడు చెబుతారు? ఎన్నాళ్ళని దాస్తారు?'

ఆమెకి ఏడుపు రాలేదు. ఈ ఇంట్లో ఉండేది తనో ఆవిడో ఇవాళ తేలిపోవాలి. చెప్పులేసుకుని మెట్లు దిగింది. కూతురు వెనక నుంచి పిలిచిందో లేదో, ఆమె తిరిగి చూడలేదు.

టీచరమ్మ తలుపు ఓరగా తీసే ఉంది. గదిలో ఇందాక తను బాగుందన్న సెట్టే. ఆయన నేల మీద ఆంప్లిఫయర్ దగ్గర కూర్చున్నాడు. స్పీకర్ల మధ్య కుర్చీలో, అచ్చం తనలాగే కళ్ళు మూసుకుని, ఒక వేలు పైకెత్తి టీచరమ్మ. ఆయన ఆ వేలి వంకే చూస్తున్నాడు.

"లేవండి ఆ కుర్చీలోంచి," అంది ఆమె.

టీచరమ్మ ఉలిక్కిపడి లేచింది. భర్త వైపు తిరిగి ఏదో అంది. ఆయన కూడా ఏదో అన్నాడు.

"నా ఎదురుగానే గుసగుసలా? నాకు చెప్పాల్సిందేదో ఉందటగా. చెప్పండి, నా మొహం మీదే చెప్పండి."

ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"సెట్టు బాగుందని ఇందాకే చెప్పానా లేదా? మళ్ళీ ఇక్కడికెందుకు మోసుకొచ్చారు? నా చెవులు చేదైపోయాయా?"

ఆమె విసురుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఏమీ లేదు. సౌండు పెంచండి."

కాసేపు ఆగింది.

"పెంచారా? ఏమీ లేదు. ఇంకా పెంచండి. ఆఖరిదాకా తిప్పండి."

ఊపిరి బిగబట్టి వింది. ఇరవై రెండేళ్ళుగా ఎలా వింటోందో అలాగే వింది. రెండు స్పీకర్లూ మూగవాటిలా ఉన్నాయి.

"చూశారా? చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. దీనికి వంక పెట్టిన మహాతల్లి మొహం ఇప్పుడు చూడాలి," అంటూ గెలుపుగా కళ్ళు తెరిచింది.

టీచరమ్మ రెండు చెవులూ గట్టిగా మూసుకుని ఉంది.