నీళ్ళలో చదరంగం

"తాతా, నీ ఎదర చోటు ఖాళీయేగా. మా టూరిస్టుల్లో ఒకాయన నీతో ఆడాలని సరదాపడుతున్నాడు," అన్నాను.

"అది ఎల్మేర్ చోటు," అన్నాడు ఆర్పాద్ తాత, ఛాతీ లోతు వేడినీళ్ళలో, చదరంగం బల్ల ముందు కదలకుండా.

ఎల్మేర్ పోయి నెలయింది. బుడాపెస్ట్ చూడవచ్చిన వాళ్ళకి, ఈ స్నానాల కొలనులో చదరంగమాడే ఆ ఇద్దరు ముసలాళ్ళని చూపించడం మా గైడ్లకి అలవాటు. ఇప్పుడేం చూపించను?

అంతలో ఒక పెద్దావిడ మెట్లు దిగి, ఎవర్నీ అడక్కుండా ఆ ఖాళీ చోట్లో కూర్చుంది. ఎల్మేర్ భార్య ఎటెల్కా. అంత్యక్రియల్లో చూశాను.

"ప్రతి ఆదివారం నన్నొదిలేసి ఇక్కడికే వచ్చేవాడు. అంత గొప్ప ఆట ఏమిటో చూద్దామని వచ్చానన్నయ్యా. నాకు ఎత్తులు రావు."

"వాడికీ రావు చెల్లెమ్మా. నాకూ అంతంతే. ఎవరైనా కెమెరా ఎత్తితే ఒక పావు జరిపేవాళ్ళం. మిగతా సేపంతా కబుర్లే."

"కబుర్లా? ఇంట్లో నోరు విప్పని మనిషి! దేని గురించి?"

"నీ గురించే. నువ్వు చేసే గసగసాల రొట్టె, నీ మోకాలి నొప్పి. అలిగితే మాట్లాడవట, ఇంట్లో కిటికీలన్నీ తుడుస్తావట."

ఎటెల్కా పావుల వంక చూసింది.

"నేను అలిగానని ఆయనకి తెలిసేదా?"

ఇంతలో నా వెనకనుంచి ఎవరో ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తారు. వద్దని చెప్పబోయాను.

"జరుపమ్మా," అన్నాడు తాత మెల్లగా.

ఆవిడ చేతికందిన గుర్రాన్ని జరిపింది.

ఫొటో బాగా వచ్చింది. అందులో ఆవిడ మొహమంతా తడి. కొలనులో అందరి మొహాలూ తడిగానే ఉంటాయి కదా, ఎవరూ ఏమీ అడగలేదు.